బల్లలకు శాస్త్రం లేదు

ప్రతి సాయంత్రం ఐదున్నరకు నేను నలభై చామంతి మొక్కలకు రాత్రి తెప్పించేదాన్ని. సెంటినరీ కాలనీలో మా క్వార్టరు వెనక పెరడు పెద్దదేమీ కాదు. వంటగది తలుపుకు ఆనుకొని ఒక వరుస, ప్రహరీ గోడ పక్కన మరో వరుస, వరుసకు ఇరవై సిమెంటు సంచులు, సంచికొక మొక్క. రెండు వరుసల మీదా వెదురు బద్దలు వంచి పాతాను. వాటిపై రెండు పొరల నల్లని దళసరి గుడ్డ కప్పి, అంచులు నేలను తాకేదాకా లాగి, తాడుతో బిగించేదాన్ని. ఉదయం ఏడింటికి విప్పి, ఆకుల మీద పేరుకున్న బొగ్గు దుమ్మును తడిగుడ్డతో తుడిచి, ఎనిమిదింటికి డ్యూటీకి వెళ్లేదాన్ని. సెప్టెంబరు ఇరవై మూడున మొదలుపెట్టిన ఈ పని ఒక్కరోజు కూడా పది నిమిషాలు అటూ ఇటూ కాలేదు. డిసెంబరు ఆరున నా కూతురు దీప పెళ్లి. ఆ పూలు ఆ పెళ్లి కోసం.

దసరాకు బెల్లంపల్లి నుంచి వచ్చి, పెళ్లయ్యేదాకా ఉంటానని బట్టల సంచి దించిన మా అత్త లస్మవ్వ, ఆ సాయంత్రమే వెనక గడప మీద కూర్చుని నా పని గమనించింది.

"ఇదేంది పిల్లా, పెండ్లింట్ల నల్లగుడ్డ? చూసినోళ్లు ఏమనుకుంటరు?"

"వీధి లైటు వెలుగు పడొద్దత్తమ్మా. పడితే మొగ్గ రాదు."

"వెలుగు పడితే మొగ్గ రాదా! మరి ఆ సూర్యుడు ఎందుకున్నడు, పాపడాలు ఎండబెట్టుకునేటందుకా?"

నాకూ నవ్వొచ్చింది. కానీ చెప్పడానికి ప్రయత్నించాను. చామంతి లెక్కపెట్టేది పగటిని కాదు, రాత్రిని. చీకటి తెగకుండా పన్నెండు గంటలకు పైగా సాగితే, ఇక పూయవలసిన కాలం వచ్చిందని దానికి తెలుస్తుంది. నడుమ కాస్త వెలుతురు తగిలినా ఆ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. మొక్క ఆకులు వేసుకుంటూ పోతుంది గాని మొగ్గ వేయదు. మా వీధి మలుపులో ఈ ఏడే ఎత్తైన స్తంభం నిలిపి ఆరు పెద్ద దీపాలు బిగించారు. అమావాస్య నాడు కూడా మా పెరట్లో బియ్యం ఏరుకోవచ్చు. మంచిర్యాలలో బీఎస్సీ రెండో సంవత్సరం నడుమ నా పెళ్లయి చదువు ఆగింది గాని, ఈ పాఠం అంతకు ముందే అయిపోయింది. అత్త అంతా విని, "ఏమో తల్లీ, చదువుకున్నదానివి" అని లేచిపోయింది. ఆ మాటకు మా ఇంట్లో ఎన్నడూ 'ఒప్పుకున్నాను' అనే అర్థం లేదు.

ఈ పూల ఆలోచన దీప ఫోనులోంచి వచ్చింది. హైదరాబాదులో తనతో పనిచేసే అమ్మాయి పెళ్లి విందులో ప్రతి భోజనపు బల్ల మీదా గాజు సీసా, అందులో తెల్లని పూలు, నడుమ ఒక పచ్చని కొమ్మ. "ఎంత మంచిగున్నదో చూడమ్మా" అని జులైలో ఆ ఫొటో చూపించింది. నేను పన్నెండేళ్లుగా బొగ్గుగనుల కంపెనీ నర్సరీలో పనిచేస్తున్నాను. ఓపెన్‌కాస్టు గని తవ్వి పోసిన మట్టిగుట్టల మీద నాటడానికి వేప, కానుగ, వెదురు నారు పెంచడం మా పని. పెద్దసార్లు మొక్కలు నాటే రోజున గుంత తవ్వేది మేము, నీళ్ల చెంబు అందించేది మేము, ఫొటో తీసేటప్పుడు పక్కకు తప్పుకునేదీ మేమే. నా చేతుల మీదుగా ఎన్ని వేల మొక్కలు ఆ గుట్టలెక్కాయో తెలియదు. వాటిలో ఏ ఒక్కటీ నాది అని చూపించలేను. "కొనుడెందుకు, నేను పెంచుత" అన్నాను. గోదావరిఖనిలో మాట్లాడుకున్న ఫంక్షన్ హాలులో భోజనాలకు పద్దెనిమిది గుండ్రటి బల్లలు. ముహూర్తం పదీ నలభైకి. కేటరింగువాళ్లు బల్లల మీద గుడ్డలు పరిచి తప్పుకునేది పదింటికి, మొదటి పంక్తి కూర్చునేది పదకొండున్నరకు. పూలు సర్దవలసింది ఆ గంటన్నరలోనే.

ఆ గంటన్నర నాకు ఎంత అవసరమో నేను ఎవరికీ చెప్పలేదు.

నా భర్త సదయ్య పోయి పదమూడేళ్లు. పెళ్లి ఖాయం చేసుకున్న వరపూజ నాడు, పెళ్లికూతురి తరఫున పీటల మీద కూర్చునేదెవరన్న మాట ఇంకా ఎవరూ ఎత్తకముందే, "జైపాల్, మమత కూసుంటరు" అని నేనే అన్నాను. జైపాల్ నా మరిది, మమత అతని భార్య. గదిలో అందరి భుజాలూ బరువు దించినట్టు ఒక్కసారిగా దిగాయి. "యమున తెలివిగల్లది, చెప్పించుకోదు" అని ఒక పెద్దమనిషి మెచ్చుకున్నాడు కూడా. చెప్పించుకోకపోవడం! మొగుడు పోయిన ఆడదానికి లోకం నేర్పే విద్యల్లో ఇంతకంటే సూక్ష్మమైనది లేదు. ఎవరో వచ్చి తలుపు మూసేదాకా ఆగకుండా తనంతట తానే బయటికి నడిస్తే, గెంటిన పాపం ఎవరికీ అంటదు, గెంటించుకున్న అవమానం ఆమెకూ మిగలదు అని ఒక లెక్క. ఆ లెక్క తప్పు. అవమానం మిగులుతుంది, దాన్ని చేసినవాడు మాత్రం ఎక్కడా కనబడడు.

పెళ్లిలో ప్రతి వస్తువుకూ ఒక శాస్త్రం ఉంది. పసుపు ఎవరు దంచాలి, పందిరి గుంజకు ఎవరు బొట్టు పెట్టాలి, పుస్తెలను ఎవరెవరు తాకాలి, ఎవరి నీడ పడకూడదు, అన్నీ ఏనాడో తేలిపోయాయి. కానీ గుండ్రటి భోజనపు బల్ల నిన్నగాక మొన్న వచ్చింది. దాని గురించి ఏ పంతులూ ఏమీ చెప్పలేదు, ఏ ముసలమ్మా ఏమీ పెట్టి పోలేదు. బల్లలకు శాస్త్రం లేదు. అందుకే వాటిని ఎంచుకున్నాను. పుస్తె కట్టే వేళ పెళ్లికూతురి తల్లి ఏదని ఎవరైనా అడిగితే, "భోజనాల హాల్ల పూలు సర్దుతున్నది" అన్న మర్యాదైన జవాబు ఒకటి సిద్ధంగా ఉంటుంది. పనిలో ఉన్న మనిషిని ఎవరూ జాలిగా చూడరు. నా బిడ్డ పెళ్లిలో నాకంటూ ఒక చోటు ఉండాలి. ఆ చోటు ఈ చామంతుల వల్ల రావాలి. అందుకని అవి ఒక్క రోజు ముందుగానో, ఒక్క రోజు ఆలస్యంగానో పూయడానికి వీల్లేదు.

నేను పిరికిదాన్ని కాననే నా అభిప్రాయం. దానికి ఆధారం ఒకటుంది. సదయ్య గుండె ఆగి పోయినప్పుడు దీపకు పదకొండేళ్లు. కంపెనీలో అతని కొలువు ఇంట్లో ఒకరికి వస్తుంది. పదకొండో రోజు పెద్దమనుషులు కూర్చుని, కొలువు జైపాల్‌కు, నాకూ పిల్లకూ అన్నం జైపాల్ ఇంట్లో అని తేల్చి, కాగితం నా ముందు పెట్టారు. చదివాను. సంతకం చేయకుండా తిరిగిచ్చి, మరుసటి వారం నా పేరు మీదే దరఖాస్తు పెట్టుకున్నాను. "మొగన్ని మింగింది, కొలువును మింగింది" అన్నది అత్త. మూడేళ్లు మా గడప తొక్కలేదు. జైపాల్ బెల్లంపల్లిలో మోటార్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. ఎదురుపడ్డప్పుడల్లా నవ్వుతూనే, "మా వదినె డ్యూటీకి పోతది, మేం మోటర్లకు తీగలు చుట్టుకుంట కూసుంటం" అంటాడు. నేనూ నవ్వేదాన్ని. కొలువు తప్ప మరే విషయంలోనూ వాళ్లకు ఎదురు చెప్పలేదు. బతుకమ్మకు పూలు కోసుకొచ్చేది నేను, పేర్చేది మమత. శ్రావణంలో వాయనాలకు శనగలు నానబెట్టేది నేను, పంచేవేళకు డ్యూటీ ఉందని చెప్పి వెళ్లేదీ నేనే. ఒక్కటి గట్టిగా పట్టుకున్నందుకు మిగతావన్నీ వదిలేయడం న్యాయమైన బేరమని అనుకున్నాను.

అక్టోబరు నెలాఖరుకు గోడ వైపు వరుసలో మొగ్గలు మిరియపు గింజలంత అయ్యాయి. వంటగది వైపు వరుసలో ఒక్కటీ లేదు. ఆకులు మాత్రం దండిగా, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. నాకు అర్థం కాలేదు. మట్టి ఒకటే, ఎరువు ఒకటే, నీళ్లు ఒకటే, కొమ్మలన్నీ ఒకే తల్లిమొక్క నుంచి తీసి నాటినవి. పైగా దీపపు స్తంభానికి దగ్గరగా ఉన్నది గోడ వైపు వరుస. వెలుతురు తగిలితే దానికి తగలాలి గాని, ఇంటి నీడలో ఉన్నదానికి కాదు. నాలుగు రోజులు అదే ఆలోచన. నర్సరీలో వేప గింజలు సంచుల్లో గుచ్చుతుంటే, పక్క వరుసలో పనిచేసే సారవ్వ, "ఏంది యమునక్కా, గింజకు రెండు గుంతలు పెడ్తున్నవ్" అని వెక్కిరించింది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగయి షెడ్డు రేకులు గడగడలాడితే, ఎప్పుడూ తల ఎత్తనిదాన్ని ఉలిక్కిపడ్డాను. పెళ్లికి ముప్పై ఎనిమిది రోజులు. మొగ్గ పడ్డ నాటి నుంచి పువ్వు విచ్చేదాకా ఎంత తొందర చేసినా అంతకంటే ఎక్కువే పడుతుంది. మొక్కను బతిమాలడం, బెదిరించడం, మొక్కుకోవడం, మూడూ పనికిరావు.

ఐదో రోజు ఉదయం తాడు లాగితే ముడి రాలేదు. నర్సరీలో మేము వేసేది ఒక్క లాగుకు విడిపోయే జారుముడి. వంటగది వైపు తాడుకు ఉన్నది అది కాదు; బర్రెదూడను గుంజకు కట్టేటప్పుడు వేసే రెండు మెలికల ముడి. మా ఇంట్లో ఆ ముడి వేయగలిగిన మనిషి ఒక్కతే.

వెనక గడప మీద కూర్చుని అత్త వేపపుల్లతో పళ్లు తోముకుంటోంది.

"అత్తమ్మా, రాత్రిపూట గుడ్డ తీస్తున్నవా?"

ఆమె దాచలేదు. నోట్లోంచి పుల్ల తీసి, పక్కకు ఉమ్మి, నెమ్మదిగా చెప్పింది. "తీస్తున్న. నువ్వు పండుకున్నంక తీసి, తెల్లారకముందట మల్ల నీ ముడి లెక్కనే కడుతున్న. ఇయ్యాల నిద్రమత్తుల నా ముడి పడ్డది. నా చేతికి అందిన కాడికే. గోడ దాక పోదామంటే మోకాళ్లు రావాయె."

"ఎందుకు?"

"ఎందుకంటవేంది? పెండ్లి పూలని చెప్తివి, పీనుగు మీద కప్పినట్టు కప్పుతుంటివి. నల్లగుడ్డ కింద పెరిగినయి పిల్ల పెండ్లిల పెడ్తరా ఎవలన్న? ఒక్క పూటన్న వాటికి వెలుగు చూపిద్దామని తీసిన."

"వెలుగు చూపించినందుకే అవి పూయలె అత్తమ్మా. పదహారు రాత్రులు పోయినయ్. ఈ ఇరవై మొక్కలు పెండ్లి నాటికి రావు."

పుల్ల ఆగిపోయింది. ఆమె ఆ మొక్కలకేసి చూసింది, నా ముఖంలోకి చూడలేదు. "నాకేం తెల్సు? నీ రాత పిల్లకు రావద్దని చేసిన. నా రాత నీకొచ్చింది, సాలదా?"

నా కోపం ఎక్కడ ఆనాలో తెలియక నిలబడిపోయింది. మామ పోయేనాటికి ఈమెకు నలభై ఏళ్లు కూడా లేవని, నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికే ఈమె నుదురు ఖాళీగా ఉందని నాకు తెలుసు. తెలిసి కూడా, ఆ ఖాళీని ఆమె ముఖంలో ఒక భాగంగా తప్ప చూడలేదు.

"జైపాల్ పెండ్లిల నేనేడున్ననో నీకు యాదికున్నదా?" అంది.

యాదికి రాలేదు.

"వంటకొట్టం కాడ. కొత్తిమీర గిల్లుకుంట కూసున్న. నన్ను ఎవలు పొమ్మనలె. నేనే పోయిన. మూడు గంపల కొత్తిమీర గిల్లిన. బాజాలు పెద్దగైతే తాళి కడ్తున్నడని తెల్సింది." పుల్లను రెండు ముక్కలు చేసి పారేసి, మోకాళ్లు పట్టుకుని లేచింది. "ఏడ్వలె. ఉల్లిగడ్డలు కోసేటోళ్లు పక్కకే ఉన్నరు, ఏడ్చినా తెల్వకపోవు."

నేను ఆమెతో వాదించలేదు. మొక్కకు గుడ్డ రంగుతో పనిలేదు, వెలుతురు ఆగితే చాలు. ఆ ఆదివారం పాత దుప్పట్లు రెండింటిని పసుపునీళ్లలో ముంచి ఆరేసి, నల్లగుడ్డ మీద పైపొరగా కుట్టాను. అత్త కొసలు పట్టుకుని కూర్చుంది. పైకి పసుపు, లోపల నలుపు. "గిట్లయితే మంచిగున్నది. ముందుగాలనే చెయ్యకపోతివి" అని మెచ్చుకుంది. ఆ రాత్రి నుంచి ముడి నేను వేసినట్టే ఉండేది. ఇద్దరం తృప్తి పడ్డాం. నా బతుకులో నెగ్గినవన్నీ నేను ఇలాగే నెగ్గాను, పైకి వాళ్ల రంగు వేసి. దాన్ని నేర్పు అనే అనుకున్నాను.

ఇక మిగిలింది గోడ వైపు ఇరవై మొక్కలు. మొక్కకు నాలుగు కాడలు, కాడకు ఒకే మొగ్గ ఉంచి పక్క మొగ్గలన్నీ గిల్లేశాను. మొత్తం ఎనభై. బల్లకు నాలుగు చొప్పున డెబ్బై రెండు. ఎనిమిది చెడిపోయినా ఫరవాలేదు, తొమ్మిదో పువ్వు చెడిపోవడానికి లేదు. నవంబరంతా ఆ ఎనిమిది పూల వెసులుబాటు మీద బతికాను. పేనుబంక పట్టి రెండు పోయాయి. పక్కింటి కోడి దూకి ఒక కాడ విరిగింది. ఇంకా ఐదు. మొగ్గలకు రంగు కనబడ్డాక ముసుగు అవసరం తీరింది. పెళ్లికి ఐదు రోజులుందనగా ఆదివారం ఉదయం తలుపు తీస్తే, గోడ పొడవునా తెల్లగా, పిడికిలంత పూలు సగం విచ్చి నిలబడి ఉన్నాయి. శుక్రవారానికి సరిగ్గా నిండుగా విచ్చుకుంటాయి. వంటగది వైపు వరుసలో అప్పుడే చిన్న చిన్న పచ్చి మొగ్గలు.

ఆ రోజే జైపాల్ వచ్చాడు. దీప అప్పటికే సెలవు పెట్టి ఇంటికి వచ్చింది. అతను నేరుగా పెరట్లోకి వెళ్లి, నడుము మీద చేతులు పెట్టుకుని కాసేపు చూశాడు.

"వదినె, మస్తున్నయ్! హైదరాబాదుల గూడ గిసొంటియి దొరకయ్. నువ్వు కంపెనీల ఉండి ఖరాబైనవ్, దుకాణం పెడితే సేటువైతుంటివి."

టీ ఇచ్చాను. ముందుగదిలో అతను కుర్చీలో, దీప మంచం మీద, అత్త గోడకు ఆనుకుని నేల మీద. సగం తాగాక గ్లాసు కింద పెట్టాడు.

"వదినె, ఒక మాట చెప్త. కోపం చెయ్యకు."

కోపం చేయవద్దని మొదలయ్యే మాటలను మనిషి ఇంటి నుంచే తయారుచేసుకుని వస్తాడు.

"పూలు నీయే పెడ్తం, అండ్ల మాట లేదు. గాని హాల్ల నువ్వు సర్దకు. మమత సర్దుతది. శుభకార్యం గదా, ముత్తైదువ చెయ్యి పడితే మంచిగుంటది. అటు తరఫోళ్లు అడిగితే మంచిర్యాల నుంచి తెప్పించినమని చెప్తం. ఒక్క మాటతోని అయిపోతది."

"వాళ్లు అన్నరా?"

"అనలె. అంటరేమోనని మేమే ముందుగాల అనుకున్నం. రేపటికి పిల్లకు మాట రావద్దు గదా."

"మేమంటే ఎవరెవరు?"

జైపాల్ టీ గ్లాసులోకి చూశాడు. దీప ఫోనులోకి చూసింది. అత్త కొంగు చివర మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టింది.

"దీపా, నువ్వు గూడనా?"

"అమ్మా, నాకు అసొంటి నమ్మకాలు లెవ్వు, నీకు తెల్సు కదా." ఫోను పక్కన పెట్టింది. "అబ్బాయి వాళ్ల నానమ్మ జర పాతకాలం మనిషి. మొదటి రోజే లొల్లి ఎందుకని జైపాల్ కాక అంటే, సరే అన్న. పూలు ఎవరు పెంచిన్రో నాకు తెల్వదా? ఒక్క రోజే కదమ్మా."

"మరి ఆ ఒక్క రోజు నేనేం చెయ్యాలె?"

జైపాల్ ముఖం తేటపడింది. దానికీ జవాబు తెచ్చుకున్నాడు. "నువ్వేం ఫికర్ చెయ్యకు వదినె. పెండ్లిపిల్ల రూముల కూసో. బంగారం ఉంటది, చీరెల పెట్టెలు ఉంటయ్. కావలికి నమ్మకమున్న మనిషి కావాలె గదా. బయటి నుంచి తాళం వేస్త, ఎవలు రారు."

ఒక్క రోజే. పదకొండో రోజు నా గాజులు పగలగొట్టేటప్పుడు కూడా, "ఒక్క రోజే బిడ్డా, కండ్లు మూసుకో" అన్నది ఎవరో. ఒక్క బతుకమ్మే కదా, ఒక్క నోమే కదా, ఒక్క గృహప్రవేశమే కదా, ఒక్క ఫొటోయే కదా. పదమూడేళ్లు నేను ఒక్కొక్క రోజు చొప్పున ఇచ్చుకుంటూ వచ్చాను. దీపను చూశాను. ఈ పిల్లకు నమ్మకం లేదు, నిజంగానే లేదు. జైపాల్‌కు కూడా ఉందో లేదో అనుమానమే. అటువైపు ముసలావిడ ఇంతవరకూ ఒక్క మాట అనలేదు. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు, అందరమూ పాటిస్తున్నాం. ఎవరో అంటారేమోనని వీళ్లు నన్ను బల్లల దగ్గరి నుంచి తీసేశారు. అంతకుముందు, వీళ్లు అంటారేమోనని నన్ను నేను పీటల మీది నుంచి తీసేసుకున్నాను. మొదటి పని చేసింది నేనే. వీళ్లు నా పద్ధతి నేర్చుకున్నారు, అంతే. శాస్త్రం లేని చోటు వెతుక్కున్నానని రెండున్నర నెలలు మురిసిపోయాను. శాస్త్రం బల్లల్లోనూ పీటల్లోనూ ఉండదు. అది నన్ను చూసి పుడుతుంది. నేను ఎక్కడికి జరిగితే అక్కడికి వస్తుంది; నేను తాళం వేసిన గదిలోకి జరిగితే, ఆ గదిలో ఏ మూల కూర్చోవాలో కూడా చెబుతుంది. గోడకు ఆనుకుని కూర్చున్న ముసలామె మూడు గంపల కొత్తిమీర గిల్లింది. నేను ఎనభై చామంతులు పెంచాను. నాది చదువుకున్నదాని కొత్తిమీర.

లేచి లోపలికి వెళ్లి, నర్సరీ కత్తెర తెచ్చి జైపాల్ పక్కన బల్ల మీద పెట్టాను.

"ఇది మమతకు ఇయ్యి. ఎట్ల చెయ్యాలెనో చెప్త, మంచిగ విను. శుక్రవారం పొద్దున ఐదింటికి, ఎండ తగలకముందే కొయ్యాలె. కాడ జానెడు ఉండాలె, ఏటవాలుగ కొయ్యాలె. కొయ్యంగనే బకెట్ల పెట్టాలె, కాడల సగం దాక నీళ్లుండాలె. కింది ఆకులు తీసెయ్యాలె, నీళ్లల్ల ఆకు మునిగితే కుళ్లుతది. బల్లకు నాలుగు కాడలు, నడుమ ఒక మరువం కొమ్మ. ఎదురుంగ కూసున్న మనిషి మొకానికి పూలు అడ్డం రావద్దు. ముందుగాల సర్దితే ఫ్యాన్ల గాలికి వాడిపోతయ్, కేటరింగోళ్లు గుడ్డలు పరిచినంకనే పెట్టాలె. పదింటి నుంచి పదకొండున్నర దాక మమత భోజనాల హాలు విడిచి కదలొద్దు. పద్దెనిమిది బల్లలు, చెయ్యి అలవాటు లేదు కాబట్టి గంటన్నర పడ్తది. యాదికుంటదా?"

"ఎందుకుండది వదినె!" జైపాల్ కత్తెరను జేబురుమాలులో చుట్టసాగాడు. అత్త, "సల్లగుండు బిడ్డా" అని గోడకు తల ఆనించింది. దీప వచ్చి నా భుజం మీద గడ్డం పెట్టి, "థాంక్స్ అమ్మా, నువ్వు అర్థం చేసుకుంటవని నాకు తెల్సు" అంది. గదిలో అందరి భుజాలూ మళ్లీ దిగాయి, వరపూజ నాడు దిగినట్టే. నేను వాటిని ఒక్కొక్కటిగా చూశాను.

రుమాలు చుడుతున్న చెయ్యి ఆగింది.

"పదింటి నుంచా? ముహూర్తం పదీ నలభైకి గదా వదినె. అప్పుడు మమత నా పక్కకు పీటల మీద ఉండాలె."

"ఉండాలె. గాని మనిషి ఒక్కతే, చోట్లు రెండు."

"అయితే బల్లల కాడికి ఇంకెవలనన్న చూస్తం."

"చూడు. బల్లల కాడికి నీకు నచ్చినోళ్లను చూడు. పీటల మీదికి మాత్రం ఎవలను చూడకు జైపాల్, నువ్వు గూడ కూసోవద్దు. అక్కడ నేను కూసుంట."